కొనేవాడే ధర కడితే...

‘పాత సామాన్లు కొంటాం’ అంటూ మైకు ఆటో కురిచేడు వీధిలోకి వస్తుంది. వసారాలో అడ్డంగా ఉందని తాతల నాటి భోషాణాన్ని బయటికి లాగుతాం. అతను చుట్టూ తిరిగి చూసి, చెద పట్టిందని పెదవి విరిచి ఓ రేటు చెబుతాడు. ఇంకో అయిదొందలు పెంచమని, పెంచితే గెలిచామనుకుంటాం.

అతన్ని అనడానికేం లేదు, అది అతని బతుకుతెరువు. కొనేవాణ్నే ధర కట్టమనడం మన మొహమాటం. ‘రేపు రండి’ అనడం నేర్చుకోవాలి.

ఆ ఒక్కరోజులో వయసు మళ్లిన వడ్రంగిని పిలిపించండి. కూలి ఇచ్చే పిలవండి, ఊరికే చెప్పమంటే ఊరికే చెప్పినట్టే ఉంటుంది. పనితెలిసినవాడు పైన నగిషీ కాదు, మూత ఎత్తి లోపల చూస్తాడు. అడుగు చెక్క మీద అరచెయ్యి ఆనించి నిమరండి. చేత్తో చిత్రిక పట్టినచోట సన్నని ఎగుడుదిగుళ్లు తగులుతాయి, మిషన్ పట్టింది నున్నగా జారిపోతుంది. మూలల అతుకులు ఒకదాని కొలత ఒకదానికి కలవకపోతే సంతోషించండి, అది చేతిపని. ప్లస్ గుర్తు స్క్రూ కనిపిస్తే మాత్రం అనుమానించాలి. ఆ రకం ప్రపంచంలో వాడుకలోకి వచ్చిందే 1930లలో. కనీసం ఆ భాగమైనా తర్వాత బిగించిందే.

టేకో, నల్లమల ఏగిసో తేలితే అడుగుల లెక్కన కలప ఖరీదు వస్తుంది. అంతకు తగ్గకండి. పైన పలికేది పనితనానికి. ఫొటోలు తీసుకుని బండెక్కి వినుకొండ మీదుగా గుంటూరు వెళ్లి, ఇద్దరు ముగ్గురు వ్యాపారులను విడివిడిగా అడగండి. వాళ్లు కొనే ధర, అమ్మే ధర ఒకటి కావు, రెండూ అడగాలి. ఈలోగా మెరవాలని పాలిష్ కొట్టించారో, ఉన్న విలువ కాస్తా పోతుంది. తాతగారి జ్ఞాపకానికి బజారులో రేటు లేదు, ఆ లెక్క ఇంట్లోనే తేల్చుకోండి.

అమెరికాలో ఉన్న అబ్బాయి ‘అమ్మొద్దు, నేను తెచ్చుకుంటా’ అంటే ఒక చిక్కుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పనితనపు వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. వయసు మీద సందేహముంటే, అది పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఓడకెక్కించే ఖర్చు లెక్కేసుకోకముందే అబ్బాయికి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పండి.