యంత్రము నిర్ణయించినచో జవాబు చెప్పువారెవరు?



గడచిన మాసమున తొమ్మిదవ తరగతివారికి ఒక చిన్న పని యిచ్చితిని. ఇంటనున్న కాగితములను చూచి, ఎవరి తల్లి పేరును వారు ఉన్నది ఉన్నట్లు వ్రాసికొని రావలెనని చెప్పితిని. రేషను కార్డుపై మరాఠీలో ఒక విధముగను, ఆధారు కార్డుపై ఆంగ్లమున మఱియొక విధముగను, పాఠశాల దాఖలాలో తెలుగున వేఱొక విధముగను ఉన్న పేళ్లు అనేకము వచ్చినవి. ఒకచోట 'లక్ష్మీబాయి', వేఱొకచోట 'లక్ష్మి', ఇంకొకచోట 'లక్ష్మవ్వ'. తెలుగునాట ఇంటిపేరు ముందు వచ్చును. మహారాష్ట్రమున ఇంటిపేరు చివర వచ్చును. నడుమ తండ్రి పేరో, భర్త పేరో చేరును. మన పెద్దలు మగ్గము పని వెదకికొనుచు షోలాపురమునకు వచ్చిన దినములలో పేళ్లు వ్రాసికొన్న గుమాస్తాలకు తెలుగు రాదు. పేరు చెప్పినవారికి మరాఠీ వ్రాత రాదు. చెవికి వినబడినది కాగితమునకెక్కినది.

ఆ భేదములను చూచి తరగతిలో అందఱమును నవ్వుకొంటిమి. ఇరుగుపొరుగువారిని అడిగినచో ఆ మూడు పేళ్లును ఒక్క తల్లివేయని క్షణములో చెప్పుదురు. కాని ఆ కాగితములను పోల్చి చూచునది యంత్రమైనచో ఏమగును? ఒక్క స్త్రీని ఇద్దఱుగనో, ఇద్దఱు స్త్రీలను ఒక్కరిగనో అది లెక్కించి, ఆ లెక్కనుబట్టి ఒక యింటికి బియ్యము నిలిచిపోయినచో ఎవరిని అడుగవలెను?

నేడు విశ్వవిద్యాలయములలో న్యాయశాస్త్ర విద్యార్థులు డాక్టరేటు పట్టమునకై పరిశోధించుచున్న విషయములలో ఇది యొకటి. ప్రభుత్వ పరిపాలనలో వాడబడు కృత్రిమ మేధను చట్టము ఎట్లు అదుపులో నుంచవలెననునదియే ఆ విషయము. పేరు పెద్దదైనను ప్రశ్న మన యింటిదే. కావున దానిని గూర్చి ఈ వ్యాసమున తెలిసికొందము.

కృత్రిమ మేధ యననేమి?

పూర్వము కంప్యూటరునకు మనుష్యుడు ప్రతి నియమమును ముందుగా చెప్పెడివాడు. "వార్షికాదాయము ఇంతకు మించినచో పేరు తొలగింపుము" అని చెప్పినచో అది అట్లే చేసెడిది. కృత్రిమ మేధలో నేడు ప్రబలముగా నున్న పద్ధతి వేఱు. యంత్రమునకు లక్షలకొలది పాత ఉదాహరణములను చూపుదురు. వానిలోని పోలికలనుబట్టి అది అంచనా వేయుట నేర్చికొనును. "ఈ రెండు పేళ్లును ఒక్క మనుష్యునివే యగుటకు అవకాశము హెచ్చు" అని మాత్రమే అది చెప్పగలదు. అంచనాను అంచనాగా తీసికొన్నంతవఱకు ఆపద లేదు. దానినే ఆజ్ఞగా మార్చినపుడు చిక్కు పుట్టును.

మరమగ్గము చప్పుడులో పెరిగిన మీకు దీనిని తేలికగా బోధింపవచ్చును. పేక పోగు తెగినచో కనిపెట్టి మగ్గమును ఆపునట్టి ఏర్పాటు మరమగ్గములలో కలదు. కాని మామూలు మరమగ్గమున పడుగు పోగు తెగినచో అది ఆగదు. నేతగాడు చూచి ముడివేయువఱకు నేయుచునే యుండును. బట్టలో చార పడును. యంత్రము కొన్ని తప్పులను తానే పట్టుకొనును, కొన్నింటిని పట్టుకొనలేదు. అందుచేతనే మగ్గముకడ ఒక మనిషి నిలిచియుండును. బట్టలో తప్పు వచ్చినచో యజమాని అతనినే అడుగును గాని మగ్గమును అడుగడు.

తెలంగాణమున జరిగినది

మన పెద్దలలో పెక్కుమంది బయలుదేఱి వచ్చిన తెలంగాణమునందే దీనికి ప్రత్యక్షోదాహరణము కలదు. అచటి ప్రభుత్వము 'సమగ్ర వేదిక' అను ఏర్పాటు చేసినది. వాహనములు, ఆస్తులు మొదలగువానికి సంబంధించిన వేఱువేఱు శాఖల దాఖలాలను అది ఒకచోట చేర్చును. పేరు, చిరునామా మొదలగువాని పోలికనుబట్టి ఏ దాఖలా యెవరిదో గుర్తించును. ఆహార భద్రత కార్డునకు అర్హులెవరో తేల్చుటకు దీనిని ఉపయోగించిరి. కలవారు పేదల బియ్యమును పొందకుండ చూచుట దీని యుద్దేశము. ఆ యుద్దేశమును తప్పుపట్టుటకు వీలులేదు.

కాని ఫలమెట్లున్నది? 2024 జనవరిలో పత్రికా పరిశోధకులు ప్రకటించిన వృత్తాంతమున హైదరాబాదులోని ఒక పేద కుటుంబపు సంగతి కలదు. ఇంటి యజమాని రిక్షా త్రొక్కి జీవించినవాడు. అతని పేరును పోలిన పేరుగల వేఱొకని కారు ఇతని దాఖలాలో చేరినది. కారుగల యింటికి కార్డు లేదను నియమముచే ఆ కుటుంబమునకు కార్డు దొరకలేదు. రిక్షావానికి కారెట్లు వచ్చినదని సందేహించుటకు ఒక్క మనుష్యుడు చాలును. యంత్రమునకు ఆ సందేహము కలుగదు.

రద్దయిన కార్డులను గూర్చి ఒక సామాజిక కార్యకర్త న్యాయస్థానమునకు పోయెను. ఇండ్లకు పోయి విచారింపక, ముందుగా నోటీసు ఈయక, యంత్రపు గుర్తింపుపై కార్డులు రద్దుచేసిరన్నది ఆక్షేపణ. సుప్రీంకోర్టు 2022 ఏప్రిలులో, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మఱల పరిశీలింపవలెనని ఆదేశించినది. అట్లు పరిశీలించినపుడు, అర్హులయ్యు కార్డు పోగొట్టుకొన్నవారు వేలకొలదిగా తేలిరి. వారు ఆ నడుమ సంవత్సరములలో తినక పోయిన బియ్యమును ఏ యుత్తరువును తిరిగి యీయజాలదు.

మన మహారాష్ట్రమునను 2024లో స్త్రీలకు నెలకు 1,500 రూపాయలిచ్చు 'మాఝీ లాడకీ బహీణ' పథకము ప్రారంభమైనది. 2025లో ఆ స్త్రీలందఱును ఆధారు ద్వారా తమ గుర్తింపును మఱల నిరూపించుకొనవలెనని ప్రభుత్వము ఆదేశించినది. ఇది కృత్రిమ మేధ కాదు. దాఖలాల సరిచూపు మాత్రమే. అయినను బీడీలు చుట్టు మన తల్లుల పేళ్లు మూడు కాగితములలో మూడు విధములుగా నున్నంతకాలము ఇట్టి సరిచూపు మనకు పట్టని సంగతి కాజాలదు.

ఇతర దేశములందు

ఇది ఒక్క దేశపు లోపము కాదు. నెదర్లాండ్సు దేశమున ప్రభుత్వ సహాయమును మోసముతో పొందువారిని కనిపెట్టుటకు 'సీరీ' అను ఏర్పాటుండెడిది. అది ప్రజల ఏకాంతతా హక్కునకు తగిన రక్షణ నీయలేదని హేగు నగర జిల్లా న్యాయస్థానము 2020 ఫిబ్రవరి 5న తీర్పు చెప్పి, దాని చట్టాధారమును త్రోసివేసినది. ఆ దేశముననే శిశుసంరక్షణ భత్యము విషయములో వేలకొలది తలిదండ్రులను మోసగాండ్రుగా తప్పుగా ముద్రవేసిరి. ఎవరిపై అనుమానపడవలెనో సూచించు యంత్రము, దరఖాస్తుదారుడు ఆ దేశపు పౌరుడా కాడా యనుదానిని గూడ లెక్కలోనికి తీసికొన్నది. 2021 జనవరిలో అచటి మంత్రివర్గము రాజీనామా చేసినది. అల్పసంఖ్యాకులుగా జీవించు మనము ఈ సంగతిని మఱవరాదు.

ఆస్ట్రేలియాలో మఱియొక విధమైన తప్పు జరిగినది. సహాయము పొందువారి సంవత్సరాదాయమును పక్షములకు సమానముగా పంచి, ఆ సగటునుబట్టి "నీవు ప్రభుత్వమునకు ఇంత బాకీ" యని యంత్రము నోటీసులు పంపినది. ఒక మాసము పని యుండి మఱుమాసము లేనివారికి సగటు ఎట్లు పొసగును? గిరాకీ ఉన్నపుడు రాత్రింబవళ్లు నేసి, లేనపుడు మగ్గము ఆపుకొనువారి బిడ్డలకు ఇది వేఱుగా చెప్పనక్కఱలేదు. 2019లో అది చట్టవిరుద్ధమని తేలినది. దానిపై విచారించిన రాయల్ కమిషన్ 2023 జూలైలో నివేదిక సమర్పించినది.

ఇట్టి యనుభవముల తరువాత ఐరోపా సమాఖ్య కృత్రిమ మేధపై సమగ్రమైన శాసనము చేసినది. అది 2024 ఆగస్టు 1న అమలులోనికి వచ్చినది. దాని నియమములు దశలవారీగా వర్తించును. ప్రభుత్వ సహాయమునకు అర్హులెవరో నిర్ణయించు యంత్రములను అది మిక్కిలి అపాయకరమైన తరగతిలో చేర్చి, మనుష్యుని పర్యవేక్షణ ఉండవలెనని శాసించినది.

మన చట్టములలో ఏమున్నది?

మన దేశమున కృత్రిమ మేధకు ప్రత్యేక శాసనము లేదు. కేంద్ర ప్రభుత్వము 2025 నవంబరులో మార్గదర్శకములను ప్రకటించినది. అవి శాసనములు కావు. అంతమాత్రమున మనము నిరాయుధులము కాము.

మొదటిది రాజ్యాంగము. 14వ అధికరణము చట్టము ఎదుట సమానత్వమును, 21వ అధికరణము ప్రాణమును, వ్యక్తి స్వాతంత్ర్యమును రక్షించును. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టునందు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకాంతతను ప్రాథమిక హక్కుగా నిర్ణయించినది.

రెండవది సహజ న్యాయసూత్రము. ఎదుటివాని మాట వినక వానికి నష్టము కలిగించు నిర్ణయము చేయరాదు. 1967లో సుప్రీంకోర్టు ఒరిస్సా ప్రభుత్వమునకును బీనాపాణీ దేయి అను వైద్యురాలికిని జరిగిన వ్యాజ్యమున దీనిని స్పష్టముగా చెప్పినది. ఆమె జన్మతేదీని ప్రభుత్వము తానే మార్చి, ఆమెను ఉద్యోగమునుండి విరమింపజేసినది. పరిపాలన సంబంధమైన ఉత్తరువైనను, దానివలన మనుష్యునికి నష్టము కలుగునపుడు వాని మాట వినవలెనని న్యాయస్థానము తీర్మానించినది. కంప్యూటర్లు మన కార్యాలయములకు రాకపూర్వమే వచ్చిన ఈ తీర్పు, దాఖలాలోని తప్పువలన నష్టపడిన ప్రతివానికిని నేటికి ఆధారము.

మూడవది 2005 నాటి సమాచార హక్కు చట్టము. ప్రభుత్వ నిర్ణయములకు కారణములను బాధితులకు తెలుపవలెనని దాని 4వ సెక్షను విధించుచున్నది. అదే చట్టపు 8వ సెక్షను వ్యాపార రహస్యములకు కొంత మినహాయింపు నిచ్చుచున్నది; విశాలమైన ప్రజాహితము కోరినచో ఆ మినహాయింపు వర్తింపదు. ప్రభుత్వము వాడు యంత్రపు సూత్రములు దానిని తయారుచేసిన సంస్థ రహస్యములా, లేక ప్రజలు తెలిసికొనదగినవా? ఇచటనే గట్టి చిక్కు కలదు.

నాలుగవది 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము. దీని క్రింద ప్రతి జిల్లాలో ఫిర్యాదులను పరిష్కరించు అధికారి యుండవలెను. ఐదవది 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము. ఒకని గూర్చి నిర్ణయము చేయుటకు వాడు సమాచారము పూర్తిగను, సరిగను ఉండవలెనని అది చెప్పును. కాని ప్రభుత్వమునకు కొన్ని మినహాయింపులను గూడ ఇచ్చినది. ఈ చట్టము క్రమక్రమముగా అమలులోనికి వచ్చుచున్నది.

పరిశోధకుని పని

ఇన్ని చట్టములుండగా పరిశోధన దేనికని మీరడుగవచ్చును. చట్టములు విడివిడి పోగులవలె నున్నవి. వానిని చేర్చి నేసినగాని కప్పుకొనుటకు వస్త్రము కాదు. యంత్రము చేసిన నిర్ణయమునకు కారణము చెప్పవలసినవాడెవడు? కార్యాలయములోని గుమాస్తా "నాకు తెలియదు, కంప్యూటరు చెప్పినది" యనును. పై యధికారి "సంస్థ తయారుచేసినది" యనును. సంస్థ "మేము అంచనా మాత్రమే యిచ్చితిమి, నిర్ణయము ప్రభుత్వముది" యనును. ఈ ముగ్గురి నడుమ బాధితుడు నిలువబడియుండును. ఈ వలయమును చట్టము ఎచట త్రెంపవలెనో చూపుటయే పరిశోధకుని పని.

దానికై అతడు శాసనములను, తీర్పులను, ప్రభుత్వ ఉత్తరువులను, యంత్రమును కొనుటకు చేసికొన్న ఒప్పందములను చదువును. అన్య దేశముల పద్ధతులతో పోల్చును. బాధితుల మాట వినును. ఈ చివరి పని గ్రంథాలయమున జరుగదు. వారి భాష వచ్చినవాడే దానిని చేయగలడు. తెలుగు, మరాఠీ, హిందీ, ఆంగ్లము నేర్చుకొనుచున్న మీకు ఇది లోపము గాక బలమని గ్రహింపుడు.

నా మట్టుకు నాకు తోచినది మూడు మాటలలో చెప్పెదను. నిర్ణయమునకు ముందు నోటీసు, నిర్ణయముతో కారణము, నిర్ణయము క్రింద ఒక మనుష్యుని సంతకము - ఈ మూడును లేనిదే యే యంత్రమును ఒక్క యింటి బియ్యమునైనను ఆపరాదు. ఆ సంతకము చేసినవాడే జవాబుదారి.

అందాక మీరు చేయదగిన పని చిన్నది కలదు. మీ యింటి కాగితములలో పేళ్లు, జన్మతేదీలు సరిపోవుచున్నవో లేవో చూడుడు. భేదమున్నచో పెద్దలకు చెప్పి సరిచేయింపుడు. ఏదేని దరఖాస్తు నిరాకరింపబడినచో, కారణమును వ్రాతమూలముగా అడుగుమని వారికి చెప్పుడు. అర్జీ వ్రాయుట రానివారికి వ్రాసి పెట్టుడు. మీలో ఒక్కరైనను ముందుముందు ఈ విషయమున పరిశోధన చేసి గ్రంథము వ్రాసినచో, ఆ అర్జీయే దానికి మొదటి పుటయగును.

అభ్యాసము

1. యంత్రపు అంచనాకును, ప్రభుత్వపు ఆజ్ఞకును భేదమేమి? 
2. 'సమగ్ర వేదిక' ఉద్దేశమును, అందలి లోపమును తెలుపుము. 
3. 1967 నాటి తీర్పు నేటి యంత్రములకు ఎట్లు వర్తించును? 
4. నీ తల్లి పేరు ఏయే కాగితములలో ఎట్లున్నదో పట్టిక వేయుము. భేదము కనబడినచో దానిని సరిచేయుమని కోరుచు తెలుగున ఒక అర్జీని, మరాఠీలో ఒక అర్జీని వ్రాయుము.