వేసవి పనిలో యువకులకు నీళ్ల లెక్క

పాడి ఆవు లీటరు పాలకు దాదాపు మూడు నాలుగు లీటర్ల నీళ్లు తాగాలని మన సభ్యులకు ఏటా వేసవిలో చెబుతూనే ఉన్నాం. ఆవు పాలలో నూటికి 87 పాళ్లు నీరే గనుక తొట్టి ఎండితే పాలు తగ్గుతాయని తెలియనివారు లేరు. అయితే ఆ ఆవుకు గడ్డి కోసి తెచ్చే కుర్రవాడు, సేకరణ కేంద్రంలో క్యాన్లు ఎత్తే కుర్రవాడు ఎన్ని నీళ్లు తాగుతున్నారో లెక్క చూసినవారు తక్కువ. ఈసారి ఆ సంగతి చూద్దాం.

గత వేసవిలో మాకు తెలిసిన ఒక సంఘంలో, లారీకి క్యాన్లు ఎక్కిస్తున్న ఇరవైరెండేళ్ల యువకుడు కళ్లు తిరిగి కూలబడ్డాడు. నీడకు చేర్చి ఒళ్లు తడిపితే తేరుకున్నాడు. మేము అడిగితే, "నీళ్లు తాగుతూనే ఉన్నానండీ, సెల్‌ఫోనులో అలారం కూడా పెట్టుకున్నాను గదా!" అన్నాడు. నిజమే, గంటకోసారి మోగేది. మోగినప్పుడల్లా రెండు గుక్కలు తాగి మళ్లీ క్యాను అందుకునేవాడు. ఫోను వేళను గుర్తు చేసింది గాని ఎంత తాగాలో చెప్పలేదు. అది చెప్పే సాధనం మన కేంద్రంలోనే ఉంది. దాణా బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాటాయే ఆ సాధనం.

పని మొదలుపెట్టే ముందు మూత్రవిసర్జన చేసి, చెప్పులు విడిచి కాటా మీద నిలబడాలి. బరువు రాసుకోవాలి. పని ముగిశాక చెమట తుడుచుకుని మళ్లీ తూగాలి. రెండుసార్లూ ఒకే రకం పొడి బట్టలు ఉండాలి. చెమటకు తడిసిన చొక్కాతో తూగితే లెక్క తప్పుతుంది. నడుమ తాగే నీళ్లు లీటరు సీసాతో కొలుచుకోవాలి. తగ్గిన ప్రతి కిలోకు దాదాపు లీటరు నీరు పోయినట్లు.

వారం విశ్రాంతి తీసుకుని వచ్చాక ఆ యువకుణ్ణే తూచాం. ఉదయం ఆరు గంటలకు 58 కిలోల 400 గ్రాములు. పదింటికి 56 కిలోల 900 గ్రాములు. కిలోన్నర తగ్గాడు, ఈలోగా లీటరు నీళ్లు తాగాడు. అంటే నాలుగు గంటల్లో రెండున్నర లీటర్ల చెమట, గంటకు 600 మిల్లీలీటర్ల పైచిలుకు! ఒంటి బరువులో నూటికి రెండు పాళ్లు తగ్గితేనే అలసట, తలనొప్పి, పనిలో పరాకు కనిపిస్తాయి. ఇతడు అది దాటినా పెద్దగా దాహం వేయలేదన్నాడు. ఎండలో పనిచేసేవారు దాహం కోసం ఎదురుచూడరాదు.

లెక్క తెలిశాక ఫోను అక్కరకు వచ్చింది. ఇరవై నిమిషాలకోసారి అలారం, మోగినప్పుడల్లా 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండా నీళ్లు. మరుసటి తూకంలో తగ్గుదల పావుకిలో లోపే. అలాగని చెంబులకు చెంబులు తాగరాదు. గంటకు లీటరున్నర మించితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రాణం మీదికి రావచ్చు. పని అయ్యాక బరువు పెరిగిందంటే అవసరానికి మించి తాగినట్లే. ఇదీ కాటాయే చెబుతుంది.

వాతావరణ శాఖ వారి 'మౌసమ్' యాప్‌ను కార్యదర్శులు రోజూ చూడగలరు. ఆరెంజ్, రెడ్ హెచ్చరికలున్న రోజుల్లో బరువు పనులు ఎండ ముదరకముందే ముగించాలి. కోస్తాలో గాలిలో తేమ వల్ల చెమట ఆరక ఒళ్లు చల్లబడదు. అక్కడ మరింత జాగ్రత్త. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా పోయారని మరువరాదు.

చెమటతో ఉప్పు కూడా పోతుంది. చిటికెడు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మన ఇళ్లలో ఉండనే ఉంది. విరేచనాలు, వాంతులు అయినవారికి మాత్రం ఓ.ఆర్.ఎస్. పొడిని పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి ఇవ్వాలి. అట్టడబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు దానికి సాటిరావు. అటువంటి వాటి మీద ఓ.ఆర్.ఎస్. అని ముద్రించరాదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది.

పాలు పరీక్షించే అమ్మాయిల సంగతి వేరు. వారిలో కొందరు ఎన్ని అలారాలు మోగినా నీళ్లు ముట్టరు. కారణం అడగడానికి మనం మొహమాటపడతాం, చెప్పడానికి వారు మొహమాటపడతారు. కేంద్రంలో తాళం వేయని, నీళ్లున్న మరుగుదొడ్డి లేకపోతే ఏ యంత్రమూ వారి చేత నీళ్లు తాగించలేదు. పాలకవర్గం వారు ముందు ఆ పని చూడాలి.

ఎండలో ఉన్నవారు తికమకగా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి విసరాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయరాదు.

తూకం పాలు పోసే వేళ పెట్టుకోవద్దు. కాటాను ముందు సున్నాకు తెచ్చుకుని, తూగడం అయ్యాక తుడిచి ఉంచాలి. బరువులు రాయడానికి చిన్న నోటుపుస్తకం చాలు. దాణా రిజిస్టరులో రాస్తే ఆడిటరు వారికి జవాబు చెప్పుకోవలసి వస్తుంది.