పాల వ్యాను వెనుక బ్రేకులు: రెండు పక్కలా ఒకే సామాను ఉన్నదా?

సేకరణ కేంద్రం నుండి శీతలీకరణ కేంద్రానికి క్యాన్లు చేరవేయడానికి సంఘం పాత వ్యాను కొనుక్కోవడం కద్దు. కొత్త బండికి స్తోమత లేనప్పుడు అది తప్పు కాదు. ఇటువంటి పనికి బేరానికి వచ్చే బండ్లలో మారుతి ఓమ్ని ఒకటి. 1984లో మారుతి వ్యాన్ అనే పేరుతో వచ్చి 2019లో తయారీ ఆగిపోయిన బండి కనుక, ఇప్పుడు దొరికేదల్లా పాతదే. దాని బ్రేకులను ఈపాటికి ఎన్నో చేతులు విప్పి బిగించి ఉంటాయి. ఒకరు అసలు సామాను వేసి ఉండవచ్చు, మరొకరు పాత సామాన్ల కొట్టులో దొరికినది ఒక పక్కకు మాత్రం సరిపెట్టి ఉండవచ్చు. బోల్టు పట్టినంత మాత్రాన సామాను సరిపోయినట్లు కాదు. ఈ పాఠంలో చెప్పుకునేది ఆ సంగతే.

ముందు బ్రేకుల్లో తేడా ఉంటే పెడలు తొక్కగానే బండి ఒక పక్కకు లాగుతుంది, స్టీరింగు చేతికి చెబుతుంది. వెనుక తేడా అంత సులువుగా బయటపడదు. బండి ఆగేటప్పుడు బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ముందు చక్రాలే ఎక్కువ పని చేస్తాయి. అమ్మేవాడు ఖాళీ బండిలో మిమ్మల్ని కూర్చోబెట్టి ఎండ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెస్తే బ్రేకులు బాగున్నట్లే ఉంటాయి. ఇక మన పని చూడండి. 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోలు తూగుతాయి. ఎనిమిది క్యాన్లు ఎక్కిస్తే క్యాన్ల బరువు కలపకుండానే 330 కిలోలు. అప్పుడు వెనుక బ్రేకులు రెండూ తమ వంతు పని చేయకపోతే బండి ఆగవలసిన చోట ఆగదు. పాలు దించి తిరిగి వచ్చేటప్పుడు మరొక ప్రమాదం. వెనుక తేలికైపోయింది, రోడ్డు వానకు తడిసింది, గట్టిగా పట్టే పక్క చక్రం తిరగడం మాని జారుతుంది, మలుపులో బండి తోక పక్కకు విసురుతుంది. వెనుక ఖాళీ క్యాన్ల మధ్య కూర్చున్న కుర్రవాడికి పట్టుకునేందుకు కూడా ఏమీ ఉండదు.

విప్పకముందే తెలిసేవి

జనం, పశువులు లేని మట్టి నేల చూసుకోండి. గంటకు 20 కిలోమీటర్లకు మించని వేగంతో తిన్నగా పోతూ బ్రేకు గట్టిగా తొక్కి, దిగి టైరు జాడలు చూడవలెను. వెనుక చక్రాలలో ఒకటి మాత్రమే నేలను గీరి ఉంటే అనుమానించవలసిందే.

తరువాత పెడలు. ఒకసారి తొక్కితే బాగా లోపలికి పోయి, వెంటవెంటనే రెండు మూడు సార్లు తొక్కితే పైకి వస్తున్నదా? అప్పుడు హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి ఉంచి మళ్లీ తొక్కండి. ఈసారి మొదటి తొక్కుకే పెడలు ఎత్తులో నిలబడితే, వెనుక షూలకు డ్రమ్ముకు మధ్య సందు ఎక్కువగా ఉన్నదని అర్థం. పెడలు స్పాంజిలాగా మెత్తగా ఉంటే అది వేరే జబ్బు, గొట్టాల్లో గాలి చేరి ఉంటుంది.

ఇంతకంటె పనికివచ్చే పరీక్ష జాకీ మీద చేసేది. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు వేసి, వెనుక రెండు చక్రాలూ ఎత్తి, ఇరుసు కింద గట్టి స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి చేయి లోపల పెట్టకూడదు. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. ఓమ్ని వంటి, వెనుక చక్రాలు లాగే బండిలో ఒక చక్రం తిప్పితే రెండవది ఎదురు తిరగవచ్చు, అది లోపం కాదు. ఒకరు లోపల కూర్చుని హ్యాండ్ బ్రేకును ఒక్కొక్క పన్ను చొప్పున లాగుతుంటే మరొకరు చక్రాలు రెండూ చేత్తో తిప్పి చూడాలి. ఏ చక్రం ఎన్నో పన్నుకు బిగిసిందో రాసుకోండి. తరువాత ఇదే పని కాలి బ్రేకుతో, మెల్లగా నొక్కుతూ చేయండి.

ఈ రెండూ ఎందుకనగా, హ్యాండ్ బ్రేకు తీగతో షూలను తెరుస్తుంది, కాలి బ్రేకు ఆయిలుతో వీల్ సిలిండరు ద్వారా తెరుస్తుంది. షూలు, డ్రమ్ము, అడ్జస్టరు మాత్రం రెండింటికీ ఉమ్మడి. కాబట్టి హ్యాండ్ బ్రేకులోనే తేడా కనిపిస్తే ముందు తీగను చూడాలి. కాలి బ్రేకులోనే కనిపిస్తే సిలిండరునో దానికి పోయే గొట్టాన్నో. రెండింటిలోనూ అదే పక్క వెనుకబడితే ఉమ్మడి సామానులో తేడా ఉన్నది, డ్రమ్ములు దించక తప్పదు.

దించిన తరువాత

షూల మీది దుమ్మును నోటితో గాని గాలి పంపుతో గాని ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారవేయండి. స్ప్రింగులు విప్పకముందు రెండు పక్కలా ఫోను కెమెరాతో ఫోటో తీసుకోవడం మంచిది. కుడి పక్క సామాను ఒక గోనె మీద, ఎడమ పక్కది మరొక గోనె మీద, ఉన్న వరుసలోనే పరచండి.

మొదట డ్రమ్ము. లోపలి వ్యాసాన్ని కాలిపరుతో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవండి. ఒకే డ్రమ్ములో రెండు కొలతలు రాకూడదు, రెండు డ్రమ్ముల మధ్యా తేడా రాకూడదు. ఎంతవరకు అరగవచ్చునో చాలా డ్రమ్ముల మీద పోతలోనే అంకె ఉంటుంది. లేతు పట్టించి పట్టించి ఆ అంకె దాటినది పారవేయవలసినదే, బేరమాడవలసినది కాదు.

తరువాత షూ. డ్రమ్ము లోపల సుద్దముక్క రుద్ది, షూను అందులో ఆనించి కొంచెం ఇటూ అటూ కదపండి. సుద్ద లైనింగు మీద అంతటా అంటితే వంపు సరిపోయినట్లు. నడిమధ్యనే అంటితే షూ చిన్న డ్రమ్ముదైనా కావాలి, డ్రమ్ము అతిగా కోయించినదైనా కావాలి. రెండు కొసలే అంటితే పెద్ద డ్రమ్ము షూ తెచ్చి వేశారు. లైనింగు వెడల్పు కూడా రెండు పక్కలా చూడాలి. కొన్ని బండ్లలో ఒక్కొక్క చక్రానికి పొట్టి లైనింగు షూ ఒకటి, పొడుగు లైనింగు షూ ఒకటి ఉంటాయి. సాధారణంగా పొట్టిది ముందువైపు ఉండాలి. రెండు పొట్టివీ ఒక చక్రానికి, రెండు పొడుగువీ మరొక చక్రానికి వేసేస్తే, సామానంతా కొత్తదే అయినా బ్రేకు ఒకలాగ పట్టదు. ఒక పక్క లైనింగు ఆయిలుతో తడిసి ఉంటే మాత్రం అది సామాను తేడా కాదు. ఇరుసు సీలు నుండి గాని సిలిండరు నుండి గాని కారుతున్నది, ముందు ఆ కారడం ఆపించాలి.

మెకానిక్కు కూడా మోసపోయేది వీల్ సిలిండరు దగ్గర. పైకి రెండూ ఒకే మాదిరి, బోల్టులూ పడతాయి, లోపలి రంధ్రం వేరు. ఆయిలు ఒత్తిడి రెండు పక్కలా సమానమే గాని, తోసే బలం రంధ్రపు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. ఒక పక్క 5/8 అంగుళం, మరొక పక్క 3/4 అంగుళం ఉన్నదనుకోండి. తేడా అంగుళంలో ఎనిమిదో వంతే కదా అనిపిస్తుంది. కాని పెద్దది చిన్నదానికంటె నూటికి 44 వంతులు ఎక్కువ బలంతో తోస్తుంది. ఎంత అడ్జస్టు చేసినా ఈ తేడా పోదు. పోత మీది అంకె చదవండి, కనబడకపోతే విప్పి పిస్టను కొలవండి.

దానంతట అదే సర్దుకునే మరతో చేసిన అడ్జస్టరు ఉన్న బండ్లలో ఇంకొకటి చూడాలి. కుడి ఎడమలకు మర చుట్లు ఎదురెదురుగా ఉంటాయి. అటుదిటు మారిస్తే అడ్జస్టరు షూలను దగ్గరకు తేవడానికి బదులు వెనక్కు లాగుతుంది. సందు సరిచేయించిన వారం తిరగకుండా పెడలు మళ్లీ దిగిపోతుంటే దీనిని గుర్తు చేసుకోండి.

ఒక చిక్కున్నది. రెండు పక్కలా పోల్చితే తేడా తెలుస్తుంది గాని ఏది సరైనదో తెలియదు, రెండూ పరాయివే కావచ్చు. అందువల్ల బండి మోడలు, తయారైన సంవత్సరం చెప్పి పార్టు నంబరు కనుక్కుని దానితోనే సరిచూడాలి. మార్చేటప్పుడు లైనింగులు, డ్రమ్ములు, సిలిండర్లు రెండు పక్కలకూ కలిపి మార్చవలెను. ఖర్చు రెట్టింపని ఒక పక్కతో సరిపెడితే మళ్లీ మొదటికే వస్తారు. బ్రేక్ ఆయిలు స్థానంలో ఇంజను ఆయిలు చుక్క కూడా పడకూడదు, రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి.

గాలి తీయించి, సందు సరిచేయించి, మొదట ఖాళీ బండితో, తరువాత నీళ్లు నింపిన క్యాన్లతో పరీక్షించండి. నాలుగైదు కిలోమీటర్లు తిరిగి వచ్చి, తాకకుండా చేయి దగ్గర పెట్టి రెండు చక్రాల వేడి పోల్చండి. ఒకటి బాగా కాలుతూ రెండవది చల్లగా ఉంటే పని ఇంకా మిగిలి ఉన్నది.

ఇదంతా బయానా ఇవ్వకముందే చేయించాలని మా సలహా. మెకానిక్కు ఒక పూట కూలి సంఘమే భరించవచ్చు. డ్రమ్ములు దించడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే పాలకవర్గం ఆ బండిని వదులుకోవడం మేలు. కొన్న తరువాత డ్రమ్ము కొలతలు, సిలిండరు అంకె, వేసిన పార్టు నంబర్లు, తేదీ బండి రిజిస్టరులో రాసి ఉంచితే, కార్యదర్శి మారినా డ్రైవరు మారినా కొట్టుకు పోయేవారి చేతిలో సరైన నంబరు ఉంటుంది.