పసిపాప బొంత

సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు మండలం ఉంది. ఆ మండలంలో ఒక ఊరు లక్డారం. 2016 దాకా ఈ ఊరు మెదక్ జిల్లాలో ఉండేది. ఊరి దగ్గర రాళ్ళ క్వారీలు ఉన్నాయి. కంకర మిషన్లు ఉన్నాయి. చుట్టుపక్కల ఫ్యాక్టరీలు ఉన్నాయి. షిఫ్టుకు పోయేవాళ్ళు పోతుంటారు. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు వస్తుంటారు.

ఆ ఊళ్ళో ఒక ఇల్లు అనుకోండి. ఆ ఇంటి తల్లికి ఒక కొడుకు, ఒక బిడ్డ. కొడుకు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. బిడ్డకు పెళ్ళయింది. ఇది తొలి కాన్పు. ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది.

తల్లి ఈ మధ్యనే చదువు నేర్చుకున్నది. ఇదివరకు వేలిముద్ర వేసేది. ఇప్పుడు సంతకం పెడుతుంది. అంకెలు చదువుతుంది.

ఒకరోజు మధ్యాహ్నం తల్లి గడప దగ్గర కూర్చుంది. పాత నూలు చీర ముందర పరుచుకున్నది. పక్కింటామె వచ్చింది.

"ఏం కుడుతున్నవ్ వదినా?"

"బొంత కుడుతున్న. మనవడు పుడతడో, మనవరాలు పుడతదో. ఎవరు పుట్టినా బొంత కావాలె కద!"

"ఇప్పుడు ఎవరు కుడుతున్నరు వదినా? పటాన్‌చెరు పోతే రంగురంగులవి దొరుకుతయ్."

"దొరుకుతయ్. కాని నాకు కుట్టుడంటే ఇష్టం. దినమంత ఇంటి పని, బయటి పని. ఈ ఒక్క గంట నాది."

"కుట్టి అమ్ముతవా?"

"అమ్మను. సూది చేతిల ఉంటే మనసు నిమ్మలంగ ఉంటది. అంతే."

బొంత కుట్టడం మనకు కొత్త కాదు. పాత చీరలు, ధోవతులు పొరలు పొరలుగా పరిచి కుడతారు. పెద్దవాళ్ళ బొంత మందంగా ఉంటుంది. దానికి దబ్బనం కావాలి. పసిపాప బొంత వేరు. అది పలుచగా ఉండాలి. సన్న సూదితో కుట్టాలి.

ఇంకో తేడా కూడా ఉంది. పెద్దవాళ్ళకు ఏదైనా గుచ్చుకుంటే పక్కకు జరుగుతారు. చెమట పోస్తే దుప్పటి తీసేస్తారు. పసిపాప జరగలేదు. నోటితో చెప్పలేదు. అందుకే కుట్టేవాళ్ళు ప్రతి పనికీ ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: "ఇది పాప ఒంటికి పడుతుందా?"

ఏ గుడ్డ మంచిది?

పాత నూలు గుడ్డ మంచిది. ఎన్నోసార్లు ఉతికిన గుడ్డ మెత్తబడుతుంది. చెమటను పీల్చుకుంటుంది. తొందరగా ఆరుతుంది.

నైలాన్, పాలిస్టర్ చీరలు వద్దు. అవి చెమటను సరిగా పీల్చవు. నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి. జరీ అంచు గీరుకుంటుంది. అద్దాలు, పూసలు, గవ్వలు, గుండీలు కూడా వద్దు. లంబాడీ ఆడవాళ్ళు అద్దాలు, గవ్వలు పెట్టి కుట్టే పని చూడముచ్చటగా ఉంటుంది. కాని పసిపాప బొంత మీద అవి ఊడితే ప్రమాదం. పాప చేతికి చిక్కినవన్నీ నోటికే పోతాయి.

రంగు పోయే గుడ్డనా, కాదా అని చూసుకోవాలి. తెల్లగుడ్డను తడిపి చీర మీద రుద్దాలి. రంగు అంటితే ఆ చీర పక్కన పెట్టాలి. కొత్త గుడ్డ అయితే గంజి పోయేదాకా ఉతకాలి.

కొడుకు తెచ్చిన మూట

ఆ సాయంత్రం కొడుకు డ్యూటీ నుంచి వచ్చాడు. చేతిలో చిన్న మూట ఉంది.

"అమ్మా, ఇది చూడు. మెత్తగున్నది. బొంత లోపల పెట్టు."

తల్లి మూట విప్పింది. తెల్లటి బనియన్ గుడ్డ ముక్కలు. కొన్ని శుభ్రంగా ఉన్నాయి. కొన్నిటికి మరకలున్నాయి. వాసన చూసింది.

"ఇవి ఎక్కడియి బిడ్డా?"

"ఫ్యాక్టరీల మిషన్లు తుడిచే గుడ్డలు."

"దేంతోటి తుడిచిన్రు? ఆయిలా, మందా?"

"నాకేమెరుక? సబ్బుతోటి ఉతికితే పోతది."

"మరక పోతది. మందు పోయిందని ఎట్ల తెలుస్తది?"

కొడుకు మాట్లాడలేదు.

తల్లి అడిగింది మంచి ప్రశ్న. ఈ వైపు జనానికి ఈ సంగతి బాగా తెలుసు. పటాన్‌చెరు ప్రాంతంలో 1970ల నుంచి ఫ్యాక్టరీలు పెరిగాయి. వాటి మురుగు నీళ్ళు నక్కవాగులో కలిశాయి. వాగు కింది పొలాలు చెడిపోయాయి. 1990లో ఈ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది. కంటికి కనబడని మందు కూడా చెరుపు చేస్తుందని ఇక్కడివాళ్ళు అనుభవంతో నేర్చుకున్నారు.

పసిపిల్లల చర్మం చాలా పలుచన. మన చర్మం ఆపే మందును వాళ్ళ చర్మం ఆపలేకపోవచ్చు. పాప ఆ గుడ్డను నోట్లో కూడా పెట్టుకుంటుంది. అందుకే ఫ్యాక్టరీ గుడ్డ, మందు సంచి, రసాయనాల మూటకు చుట్టిన గుడ్డ ఇంటికే తేవద్దు. వాటిని పొయ్యిలో కూడా కాల్చవద్దు. ఆ పొగ కూడా మంచిది కాదు.

కొడుకు మూట తిరిగి కట్టాడు. మరునాడు ఫ్యాక్టరీకి తీసుకుపోయి, పాత గుడ్డలు వేసే డబ్బాలో వేశాడు.

తల్లి ఇంకో మాట చెప్పింది. "నీ డ్యూటీ బట్టలు పాప బట్టలతోటి కలిపి ఉతకం. నువ్వు బట్టలు మార్చుకొని, చేతులు కడుక్కొని ఎత్తుకోవాలె."

"మంచిదే అమ్మా" అన్నాడు కొడుకు.

పెట్టెలోని తెల్ల గోలీలు

తల్లి దగ్గర ఇంకో నూలు చీర ఉంది. అది పెట్టెలో ఉంది. పెట్టెలో డాంబరు గోలీలు వేసి ఉన్నాయి. వీటినే కలరా ఉండలు అని కూడా అంటారు. బట్టలకు పురుగు పట్టకుండా వేస్తారు. చాలా గోలీలను నాఫ్తలీన్ అనే మందుతో చేస్తారు.

కొందరు పిల్లలకు పుట్టుకతోనే రక్తంలో ఒక లోపం ఉంటుంది. ఎర్ర రక్తకణాలను కాపాడే పదార్థం వాళ్ళకు తక్కువ. దాని పేరు జీ సిక్స్ పీడీ. అటువంటి పాపకు నాఫ్తలీన్ ఘాటు తగిలితే రక్తకణాలు పగిలిపోతాయి. కామెర్లు ముదురుతాయి. బాగా ముదిరితే మెదడు దెబ్బతింటుంది. ప్రాణానికే ముప్పు రావచ్చు.

ఏ పాపకు ఈ లోపం ఉందో చూస్తే తెలియదు. కాబట్టి ఏ పాప బట్టల్లోనూ ఈ గోలీలు వేయవద్దు. గోలీల వాసన పట్టిన గుడ్డతో బొంత కుట్టవద్దు. ఎండిన వేపాకు మూట కట్టి పెట్టెలో పెడితే సరిపోతుంది. పాప కళ్ళు, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తల్లి ఆ చీరను పక్కన పెట్టింది. ఒక్క చీరతోనే బొంత కుట్టాలనుకున్నది. సరిపోతుందా? కొలిచి చూసింది.

కొలత

ఇదివరకు తల్లి మూరతో, జానతో కొలిచేది. ఒకరి మూర పెద్దది. ఒకరి మూర చిన్నది. ఇప్పుడు టేపు మీద అంకెలు చదువుతుంది.

చీర పొడవు 550 సెంటీమీటర్లు. పన్నా 115 సెంటీమీటర్లు.

బొంత పొడవు 90 సెంటీమీటర్లు. అంటే సుమారు రెండు మూరలు. వెడల్పు 70 సెంటీమీటర్లు. బొంతకు 4 పొరలు. పై పొర, కింది పొర కొంచెం పెద్దవి కావాలి. ఎందుకంటే వాటి అంచులు లోపలికి మడవాలి.

పై పొర: 95 × 75
కింది పొర: 95 × 75
లోపలి పొరలు రెండు: ఒక్కొక్కటి 90 × 70

పొర పొడవును చీర పన్నాలో తీసుకోవాలి. అప్పుడు చీర పొడవులో ఎంత ఖర్చవుతుంది?

75 + 75 + 70 + 70 = 290 సెంటీమీటర్లు

చీరలో సగం కంటే కొంచెం ఎక్కువ. చిరుగులున్న చోటు వదిలేసినా గుడ్డ సరిపోతుంది.

కుట్టే తీరు

1. చీరను వేడినీళ్ళలో ఉతకాలి. ఎండలో బాగా ఆరవేయాలి. క్వారీ దుమ్ము లేచే రోజు బయట ఆరవేయవద్దు.

2. పొరలు కత్తిరించాలి. చదునైన నేల మీద ముందు కింది పొర పరవాలి. దాని మీద లోపలి పొరలు రెండు పెట్టాలి. పైన పై పొర పరవాలి. ముడతలు లేకుండా అరచేతితో సాపు చేయాలి.

3. పొరలు జరగకుండా పొడుగు కచ్చా కుట్టు వేయాలి. మధ్య నుంచి అంచులకు రావాలి.

4. పై పొర, కింది పొర అంచులను రెండున్నర సెంటీమీటర్ల చొప్పున లోపలికి మడిచి, చుట్టూ కుట్టాలి.

5. ఇక వరుసలు. పొడవునా వరుస వెంట వరుస కుట్టాలి. వరుసకూ వరుసకూ మధ్య 5 సెంటీమీటర్లు ఉండాలి. కుట్టు బియ్యపు గింజంత ఉండాలి. నూలు దారం వాడాలి.

6. ముడి పొరల లోపలికి పోవాలి. పైన దారం వేలాడకూడదు. వదులు దారం పాప వేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు. వేలు వాచిపోతుంది.

7. చివరకు కచ్చా కుట్టు విప్పాలి. బొంతను మళ్ళీ ఉతికి ఆరవేయాలి.

సూదుల లెక్క

మొదటిరోజు తల్లి కచ్చా కుట్టు వేయలేదు. గుండుసూదులు గుచ్చింది. 10 గుచ్చింది. సాయంత్రం తీసి డబ్బాలో వేసింది. బిడ్డ లెక్కపెట్టింది. 9 ఉన్నాయి.

"అమ్మా, ఒకటి తక్కువున్నది."

ఇల్లంతా వెతికారు. చాప దులిపారు. దొరకలేదు. తల్లి బొంతను రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా నొక్కుకుంటూ పోయింది. నడుమ ఒక చోట గట్టిగా తగిలింది. కుట్టు విప్పింది. సూది లోపలి పొరలో ఉంది. గుండు ఊడిపోయింది.

తల్లి గుండె ఝల్లుమన్నది. ఆ రోజు నుంచి గుండుసూదులు మానింది. కచ్చా కుట్టే వేసింది. కుట్టే సూదులను కూడా ఒక చీటీ మీద రాసుకున్నది. "కూర్చున్నప్పుడు 2. లేచినప్పుడు 2." అంకె కలవకపోతే బొంతను మడవలేదు.

పరిచేటప్పుడు

పాపను వెల్లకిలా పడుకోబెట్టాలి. బొంతను చదునైన పక్క మీద ముడత లేకుండా పరవాలి. అంచులు పక్క కిందికి దోపాలి. ఏడాది లోపు పాప నిద్రపోయేటప్పుడు వదులు బొంత కప్పవద్దు. అది ముఖం మీదికి జరిగితే ఊపిరి ఆడదు. చలికి పాపకు బట్టలు తొడగాలి. బొంత తడిస్తే వెంటనే మార్చాలి. అందుకే రెండు బొంతలు ఉంటే మంచిది.

ఊరూరా బొంత

ఈ పని మన దగ్గరే కాదు, చాలా చోట్ల ఉంది. మహారాష్ట్రలో దీన్ని గోధడి అంటారు. కర్ణాటకలో కౌది అంటారు. బెంగాల్‌లో కాంథా అంటారు. బెంగాలీ ఆడవాళ్ళు పాత చీర అంచుల నుంచి రంగు దారాలు లాగేవారు. ఆ దారాలతోనే కాంథా మీద పూలు, చేపలు కుట్టేవారు. కర్ణాటకలో సిద్దీలనే జనం ఉన్నారు. వాళ్ళ పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చారు. సిద్దీ ఆడవాళ్ళు బొంతను అంచుల నుంచి మొదలుపెట్టి నడుమకు కుట్టుకుంటూ పోతారు.

ఎక్కడైనా ఒకటే సంగతి. పాత చీర పారేయరు. అమ్మ కట్టి విడిచిన చీర పాపకు పక్క అవుతుంది.

బొంత మూల

బొంత పూర్తయింది. ఒక మూల మాత్రం తల్లి ఖాళీగా వదిలింది. పక్కింటామె చూసింది.

"ఈ మూల ఎందుకు వదిలినవ్ వదినా?"

"ఇంకా పేరు పెట్టలే కద!"

బిడ్డ ఆసుపత్రిలో కన్నది. ఆడపిల్ల. 21వ రోజు తొట్టెలలో వేశారు. పేరు పెట్టారు. ఆ రాత్రి తల్లి సూదిలో ఎర్ర దారం ఎక్కించింది. మనవరాలి పేరులోని మొదటి అక్షరాన్ని ముందు పెన్సిలుతో రాసుకున్నది. దాని మీద మెల్లగా కుట్టింది. లోపలికి ముడి వేసింది. సూదులు లెక్కపెట్టింది. రెండు ఉన్నాయి.

చెప్పండి

1. పసిపాప బొంతకు పాత నూలు గుడ్డ ఎందుకు మంచిది?
2. కొడుకు తెచ్చిన గుడ్డను తల్లి ఎందుకు వద్దన్నది?
3. పాప బట్టల్లో డాంబరు గోలీలు ఎందుకు వేయకూడదు?
4. మీ ఇంట్లో బొంతలు ఎవరు కుట్టేవారు? ఏ గుడ్డతో కుట్టేవారు?

లెక్క చేయండి

1. చీర పొడవు 550 సెంటీమీటర్లు. బొంతకు 290 ఖర్చయింది. ఎంత మిగిలింది?
2. మిగిలిన గుడ్డ బాగుంటే, అందులో 75 సెంటీమీటర్ల పొరలు ఎన్ని వస్తాయి?
3. బొంత వెడల్పు 70. వరుసల మధ్య దూరం 5. అంచులు కాక లోపల ఎన్ని వరుసలు కుట్టాలి?

రాయండి

బొంత, దబ్బనం, పన్నా, కచ్చా కుట్టు, తొట్టెల.

ఈ మాటలు ఒక్కొక్కటి రెండుసార్లు రాయండి. మీ ఇంట్లోని పసిపాప పేరు రాయండి. ఆ పేరులోని మొదటి అక్షరాన్ని పాత గుడ్డ మీద దారంతో కుట్టి చూడండి.