నిద్రలో పళ్ళు కొరకడం – దవడ కీలు నొప్పి

హాస్టల్లో ఒకే గదిలో చాలామంది పక్కపక్కన పడుకుంటాము కాబట్టి ఎవరి అలవాటూ దాగదు. గురక పెట్టేవారు, నిద్రలో మాట్లాడేవారితో పాటు రాత్రిపూట కరకరమని పళ్ళు కొరికేవారూ ఉంటారు. పొద్దున్నే "ఎవరి మీదరా అంత కోపం?" అని మిగతావాళ్ళు నవ్వుతారు. కొరికినవానికి మాత్రం ఏమీ గుర్తుండదు.

మన పల్లెల్లో పెద్దవాళ్ళు దీనికి చెప్పే కారణం ఒక్కటే: కడుపులో పురుగులు. బడుల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర నులిపురుగులకు మంచి మందు, దాన్ని తప్పక మింగండి. కానీ పళ్ళు కొరకడానికి అది మందు కాదు. నిద్ర మధ్యలో మెదడు కొద్దిసేపు తేలికగా మేల్కొన్నప్పుడు దవడ కండరాలు బిగుసుకుని పళ్ళు రాసుకుంటాయి. పరీక్షల దిగులు, టీ కాఫీలు ఎక్కువగా తాగడం, పొగాకు, సారాయి దీన్ని పెంచుతాయి. మానసిక దిగులుకు వాడే కొన్ని మాత్రల వల్ల కూడా రావచ్చు. చిన్నపిల్లల్లో చాలామందికి వయసు పెరిగేకొద్దీ అదే తగ్గిపోతుంది.

ఇప్పుడు కీలు సంగతి. చెవికి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే దవడ కీలు. రెండు వైపులా ఉన్న ఈ రెండు కీళ్ళూ కలిసే పనిచేయాలి. నోరు తెరిచేటప్పుడు దవడ మొదట తలుపు బందులా తిరిగి, తర్వాత ముందుకు జారుతుంది. ఎముకల మధ్య మెత్తని బిళ్ళ వంటిది ఒకటి ఉంటుంది. అది కొంచెం పక్కకు జరిగితే నోరు తెరిచినప్పుడు 'టక్' మని శబ్దం వస్తుంది. నొప్పి లేకుండా శబ్దం మాత్రమే ఉంటే వైద్యం అవసరం లేదు. ఈ మాట తెలియక భయపడేవాళ్ళు చాలామంది.

నొప్పి ఎక్కువసార్లు కీలులో కన్నా దాన్ని లాగే కండరాల్లోనే ఉంటుంది. లేవగానే బుగ్గలు, కణతలు బిగిసినట్లుంటాయి. నొప్పి చెవిలోకీ, దంతాల్లోకీ పాకుతుంది. అసలు చిక్కు ఇక్కడే. చెవిపోటు అనుకుని చుక్కల మందు వేసుకుంటారు, లేదా పుచ్చిందనుకుని మంచి దవడపన్నే పీకించుకుంటారు. పన్ను పోతుంది, నొప్పి పోదు. 1934లో అమెరికాలో కాస్టెన్ అనే చెవి ముక్కు గొంతు డాక్టరు ఈ చెవినొప్పికీ దవడ కీలుకూ సంబంధం ఉందని రాశారు. పళ్ళు ఊడి దవడ ఎక్కువగా మూసుకోవడమే కారణమని ఆయన అనుకున్నారు. ఆ కారణం తర్వాత నిలబడలేదు. కాబట్టి ఈ నొప్పికి మంచి పళ్ళను అరగదీయించుకోవడం, పీకించుకోవడం మొదటి వైద్యం కానే కాదు.

మరి ఏం చేయాలి? ఎక్కువమందికి ఖర్చులేని ఉపాయాలతోనే కొన్ని వారాల్లో తగ్గుతుంది. పెదవులు కలిసి ఉండాలి, పళ్ళు ఎడంగా ఉండాలి: అన్నం తినేటప్పుడు తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ తగలకూడదు. చదువుకునేటప్పుడు దవడ బిగించి కూర్చున్నామేమో మధ్యమధ్యలో చూసుకోవాలి. పెన్ను మూత కొరకడం, గోళ్ళు కొరకడం, గడ్డం కింద చెయ్యి ఆనించి బోర్లా పడుకుని చదవడం మానాలి. వేయించిన బుడ్డలు, చెరుకు గడలు, ఎండిన జొన్నరొట్టె కొన్నాళ్ళు పక్కన పెట్టండి. మన సంగటి, ఉగ్గాని ఇందుకు చక్కని తిండి. రొట్టెను పప్పులో నానబెట్టుకున్నా సరే. వేడినీళ్ళలో పిండిన గుడ్డ రోజుకు రెండు మూడుసార్లు పది నిమిషాలు బుగ్గపై పెట్టుకోవాలి. ఆవులించేటప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనించాలి. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులే.

పళ్ళు అరిగిపోతుంటే దంతవైద్యుడు అచ్చు తీసి రాత్రిపూట పెట్టుకునే తొడుగు చేయిస్తారు. అది పళ్ళను కాపాడుతుంది గాని కొరకడాన్ని పూర్తిగా ఆపదు. కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. కర్నూలు వైపు వారు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని దంత విభాగంలో చూపించుకోవచ్చు.

కొన్నింటికి ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకూడదు. తెరిచిన నోరు మూతపడకపోతే కీలు తొలగినట్లే, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. గాయమైన తర్వాత దవడ బిగుసుకుంటే ధనుర్వాతం కావచ్చు, ప్రాణాపాయం. చెట్టుమీద నుంచి గడ్డం నేలకు తగిలేలా పడిన చిన్నపిల్లలకు కీలు విరిగి, వైద్యం అందకపోతే ఎముకలు అతుక్కుపోవచ్చు. నోరు తెరుచుకోదు, కింది దవడ కూడా ఎదగదు. పైకి గడ్డం చీలిక మాత్రమే కనిపిస్తుంది, అందుకే కుట్లు వేయించి ఊరుకుంటారు. దవడ కీలు కూడా చూడమని అడగాలి.

నిలువుగా పెట్టిన మీ మూడు వేళ్ళు నోట్లో పడుతున్నాయా? పట్టకపోతే డాక్టరుకు చూపించండి. గుట్కా, వక్కపొడి నమిలేవారికి నోరు మండుతూ క్రమంగా తెరుచుకోకపోతే అది కీలు జబ్బు కాదు. బుగ్గల లోపలి పొర గట్టిపడటం వల్ల వచ్చేది, అది క్యాన్సరుగా మారవచ్చు. ఇలాంటి అన్న, తమ్ముడు మీ గదిలో ఉంటే ఈ వారమే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.