పన్ను తీశాక మూడో రోజు పోటు

ప్రశ్న: మా నాన్నకు దవడ పన్ను తీయించాం. రెండు రోజులు బాగానే ఉన్నారు. ఇప్పుడు చెవి దాకా ఒకటే పోటు. చుట్ట మాత్రం మానలేదు.
– ఒక పాఠకురాలు, కొనకనమిట్ల

జవాబు: నా అనుమానం ఆ చుట్ట మీదేనమ్మా. పన్ను తీసిన గుంతలో రక్తం గడ్డకట్టి ఎముకను కప్పుతుంది. పొగ పీల్చినా, గట్టిగా పుక్కిలించినా ఆ గడ్డ ఊడిపోతుంది. ఎముక బయటపడి ఇలా సలుపుతుంది, నోరు వాసనొస్తుంది. దీన్నే డ్రై సాకెట్ అంటారు. మాత్రలతో నెట్టుకురాకండి. డాక్టరు గుంత కడిగి మందు పెడితే చాలావరకు తేలికపడుతుంది. అందులో లవంగం కూరవద్దు, పొగాకు అసలే వద్దు. జ్వరం, వాపు ఉన్నా, నోరు తెరుచుకోకపోయినా ఈ రోజే వెళ్లండి.