ముందు ఇసుక, తర్వాత శాతాలు

శోళవరం

చి. సుజాతకు,

నీ జాబు మీ అమ్మకు చదివి వినిపించాను. రాత్రి పన్నెండు దాకా ల్యాబులో ఒక్కదానివే ఉంటున్నావన్న వాక్యం మాత్రం వదిలేశాను. నాకే నిద్ర పట్టడం లేదు, ఆమెకెందుకని.

మెగ్నీషియం పొడిలోకి హైడ్రోజన్ ఎక్కడం లేదని దిగులు పడకమ్మా. మెగ్నీషియం మీద ఆక్సైడు పొర ఉన్నంతసేపూ దానికి దారి దొరకదు. కొత్త పెనం మీద మొదటి దోసెలు అంటుకుంటాయని పెనం పారేస్తామా? వేడిచేసి ఎక్కించు, దించు, మళ్ళీ ఎక్కించు. 1968లో బ్రూక్‌హేవెన్ ల్యాబులో రైలీ, విస్వాల్ మెగ్నీషియానికి నికెల్ కలిపి చూశారు కదా! బరువులో 7.6 శాతం హైడ్రోజన్ పట్టేది 3.6కు పడిపోయింది గానీ, 300 డిగ్రీల దాకా పోకుండా 250 దగ్గరే హైడ్రోజన్‌ను వదిలింది.

అసలు సంగతికొస్తాను. నీ బల్ల పక్కన పొడి ఇసుక ఉందా?

అంబత్తూరులో నేను పనిలో చేరిన కొత్తల్లో లేతు కింద మెగ్నీషియం తురుము అంటుకుంది. గుప్పెడే. తెల్లటి వెలుగుకు కళ్ళు చెదిరాయి. ఒకాయన కంగారులో నీళ్ళు కుమ్మరించాడు. మండే మెగ్నీషియం నీళ్ళలోంచి హైడ్రోజన్‌ను లాగుతుంది. ఢామ్మని మంట కప్పుదాకా లేచింది. మేస్త్రీ ఇసుక కప్పితేగాని అణగలేదు. కార్బన్ డయాక్సైడు సిలిండరూ వద్దు, అందులోనూ మెగ్నీషియం మండుతుంది. ఇసుక చెమ్మగిల్లినా ముప్పే. ఎండబెట్టి, జల్లించి, మూత పెట్టు. వానాకాలంలో వారం వారం చెయ్యి పెట్టి చూడు. మిల్లులో నలిగిన పొడి డబ్బాను ఆర్గాన్ నింపిన పెట్టెలోనే తెరువు. నైలాన్ చున్నీ వద్దు. మేడ మీద ఆరబోసిన ఇసుక ఒక డబ్బా నింపి ఉంచాను, మీ అన్న వచ్చేటప్పుడు తెస్తాడు.

బండ్లకు ఇంధనంగా హైడ్రోజన్‌ను లోహంలో దాచే నీ పని చిన్నదని అనుకోకు. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ రాకముందు మన ఊరి పాత రన్‌వే మీదే మోటారు రేసులు జరిగేవి. మీ నాన్నను సైకిలు మీద ఎక్కించుకుని పోయేవాణ్ణి. ఇంటికొచ్చినా చొక్కాలకు పెట్రోలు వాసనే. తర్వాత కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఓ. ఎన్. శ్రీవాస్తవగారు లోహ హైడ్రైడు ట్యాంకుతో హైడ్రోజన్ బండి నడిపించారని చదివి పొంగిపోయాను. ఆ ట్యాంకులోని మిశ్రలోహం బరువెక్కువ. నీ మెగ్నీషియం తేలిక, చవక. అందుకే నువ్వు పడే కష్టానికి విలువుంది.

కష్టపడు, కానీ తోడు లేకుండా పొడి ముట్టుకోకు. వేళకు అన్నం తిను. ఈసారి జాబులో ముందు ఇసుక సంగతి, తర్వాతే శాతాల సంగతి రాయి.

మీ పెదనాన్న